ముందుకు తోస్తే పైకి

మా బావకు పక్షవాతం వచ్చిన రోజు ఆయన బల్ల మీద బొమ్మ జెట్ పొట్ట విప్పి ఉంది. పొద్దున రెక్కల ఇరుసులకు గ్రీజు పెడుతూ, ఫ్యాక్టరీ బస్సు హారన్ వినబడి, పని సగంలో వదిలేసి వెళ్ళాడు. మధ్యాహ్నం క్యాంటీన్‌లో ఎడమ చేతిలోంచి గ్లాసు జారింది. వంగి తీయబోతే చెయ్యి కదల్లేదు. ఆయన దవాఖాన నుంచి ఇంటికి వచ్చేసరికి ఆ గ్రీజు మీద దుమ్ము పేరుకుని నల్లగా గట్టిపడింది. నేను ఇత్తడి బుష్షులు రెండూ ఊడదీసి, కిరోసిన్‌లో కడిగి, ఆరబెట్టి, కొత్త గ్రీజు పెట్టాను. ఆ వారంలో నేను చేసిన పనుల్లో స్పష్టంగా గుర్తున్నది అదొక్కటే.

మేం నల్లగండ్లలో ఉండేవాళ్ళం. అక్క, బావ, నేను. అక్క ప్రభుత్వ బడిలో టీచరు. బావ పటాన్‌చెరు వైపు ఒక మందుల ఫ్యాక్టరీలో మీటర్లు, వాల్వులు చూసే ఇంజినీరు. నేను మెకానికల్ చదివి హైటెక్ సిటీలో సాఫ్ట్‌వేర్ టెస్టింగ్ చేసేవాణ్ణి. ఇంకొకరు రాసిన ప్రోగ్రామ్ ఎక్కడ తప్పుతుందో వెతికి, తప్పును దాని తీవ్రత ప్రకారం వరుసలో పెట్టే పని.

తెలంగాణ ఉద్యమం జోరుగా ఉన్న కాలం అది. బంద్ ప్రకటించగానే మా కంపెనీ ఆ రోజు సెలవిచ్చి, బదులుగా శనివారం పని చేయించేది. బంద్ రోజు రోడ్ల మీద బస్సులుండవు, వెంచర్ల దగ్గర లారీలుండవు. అందుకని బంద్ అంటే మాకు జెట్ ఎగరేసే రోజు. బావ ఉద్యమం మనిషే. ముందురోజు సాయంత్రం గొంతు పోయేదాకా ధర్నాలో అరిచి వచ్చి, చెయ్యి కడుక్కుని, బ్యాటరీలు ఛార్జింగ్‌కు పెట్టేవాడు. ఆయనకు ఈ రెండింటికీ మధ్య పేచీ ఏమీ కనబడలేదు.

ఆ జెట్ మన వాయుసేన అప్పటికింకా వాడుతున్న ఒక రష్యన్ యుద్ధ విమానానికి నకలు. ఒంటికి ఫోమ్, లోపల ఒక ఫ్యాన్ మోటారు. చక్రాలు లేవు. ఒకరు చేత్తో విసరాలి, దిగేటప్పుడు గడ్డి మీద పొట్టతో జారాలి. దాని ప్రత్యేకత రెక్కలు. మెల్లగా ఎగిరేటప్పుడు బారుగా చాపుకుంటాయి, వేగం పెరిగితే వెనక్కి ముడుచుకుంటాయి. కిట్‌లో రెక్కకొక చిన్న మోటారు వచ్చింది. ఒకటి రెండోదానికన్నా ముందు కదిలితే జెట్ పక్కకు పడిపోయేది. బావ ఆ రెండింటినీ పీకేసి, ఒకే మోటారు మర చుట్లున్న కడ్డీని తిప్పేట్టు, ఆ కడ్డీ రెండు రెక్కలనూ కలిపి లాగేట్టు మార్చాడు. రెక్కలు వెనక్కి పోగానే ముక్కు కిందికి వంగుతుంది. అందుకని అదే సమయంలో తోక పలకలు కాస్త తిరిగి ముక్కును నిలబెట్టేలా రేడియోలో అమర్చాడు. ఇరుసు బోల్టు మరీ బిగిస్తే రెక్క కదలదు, వదులైతే గాలిలో వణుకుతుంది. బావ రెక్క కొసను ఎడమ చేత్తో ఊపి ఎంత బిగించాలో తెలుసుకునేవాడు. నాకా స్పర్శ లేదు. నేను సన్నని రేకు గేజ్ దూర్చి కొలిచేవాణ్ణి.

జెట్‌ను నడిపే రేడియో మెడలో పట్టీతో వేలాడే డబ్బా. దాని మీద రెండు స్టిక్‌లు, చేతికొకటి. బావ నేర్చుకున్నది పాత పద్ధతి. ఎడమ స్టిక్ ముక్కును పైకీ కిందికీ తిప్పుతుంది. కుడి స్టిక్ ముందుకు తోస్తే మోటారు పెరుగుతుంది, పక్కలకు ఆడిస్తే జెట్ ఒరుగుతుంది. ఎడమ చెయ్యి పోయిందంటే జెట్ ముక్కు చేజారినట్టే.

కాలు నెమ్మదిగా దారికొచ్చింది. మాట ఎప్పుడూ పోలేదు. చెయ్యి మాత్రం రాలేదు. అక్క రోజూ ఆయన వేళ్ళు ఒక్కొక్కటే విప్పి, మడిచి, మళ్ళీ విప్పేది. టీచర్లు కూడా సమ్మెలోకి దిగాక పగలంతా ఇంట్లోనే ఉండి ఆ పనే చేసింది. ఒక సాయంత్రం బావ బీరువా మీదున్న జెట్ వైపు చూస్తూ నాతో అన్నాడు.

“ఒక్కసారన్న ఒక్కన్నే ఎగరేసి, ఒక్కన్నే దింపాలె. అయితదంటే ఉంచుకుంట. కాదంటే చందానగరాయనకు ఇచ్చేస్త.”

“ఇచ్చుడెందుకు బావా? ఉండనీ.”

“ఉంచుకొని ఏం జెయ్యాలె? రోజు లేసి దండం పెట్టాల్నా?”

చందానగర్ ఆయన మాతో పాటు ఎగరేసే మనిషి. కృష్ణా జిల్లా నుంచి వచ్చి చందానగర్ మార్కెట్లో ఇన్వర్టర్ల దుకాణం పెట్టుకున్నాడు. ఆ జెట్ అంటే ఆయనకు మోజు. ఎప్పుడు కలిసినా రెక్కలు ఒకసారి ముడిపించుకుని చూసేవాడు.

ముందు ఒకే రేడియో మీద ఇద్దరం ప్రయత్నించాం. నల్లగండ్ల దాటాక ఒక పెద్ద వెంచర్ ఉండేది. ఉద్యమం వల్ల ప్లాట్లు కొనేవాళ్ళు లేక రోడ్లు వేసి వదిలేశారు. హద్దురాళ్ళ మధ్య గడ్డి మోకాలి లోతు పెరిగింది. పట్టీ బావ మెడలో వేశాం. కుడి స్టిక్ ఆయనది. నేను ఆయన ఎడమ భుజానికి ఆనుకుని నిలబడి ఎడమ స్టిక్ పట్టుకున్నాను. చందానగర్ ఆయన జెట్ విసిరాడు.

“పైకి,” అన్నాడు బావ. లాగాను. “అంత గాదు. జర. జరంటే జర!”

జెట్ మెట్లెక్కి దిగుతున్నట్టు ఎగిరింది. రెక్కలు ముడిచాం, చాపాం, దింపాం. ఏమీ విరగలేదు.

“బ్రహ్మాండమండి!” అన్నాడు చందానగర్ ఆయన. “ఇద్దరు పైలట్ల విమానం.”

“ఏం బ్రహ్మాండం? బండి వీడు నడిపిండు. నేను క్లీనర్ లెక్క ఉన్న.”

“ఎట్ల లాగాలో చెప్పింది నువ్వే గదా బావా,” అన్నాను.

“క్లీనర్ గూడ చెప్తడు. రైట్, రైట్ అంటడు.”

ఇంటికి రాగానే ఆయన జెట్‌ను మళ్ళీ బీరువా మీద పెట్టించాడు.

రెండో ప్రయత్నం రేడియో లోపల జరిగింది. ఇప్పటివాళ్ళు ఎక్కువగా వాడే పద్ధతిలో ఒరగడం, ముక్కు రెండూ కుడి స్టిక్ మీదే ఉంటాయి. ముందుకు తోస్తే ముక్కు కిందికి, వెనక్కి లాగితే పైకి. అందులో ఎడమ స్టిక్ మీదుండే మోటారును కుడి చూపుడువేలికి అందే స్విచ్చుకు ఇస్తే ఒక్క చెయ్యి చాలు. రేడియో వెనక మూత విప్పి, వదిలితే స్టిక్‌ను మధ్యకు తెచ్చే స్ప్రింగును ఎడమ నుంచి కుడికి మార్చాను. అసలు జెట్ జోలికి పోకుండా రేడియోను కంప్యూటర్‌కు తగిలించాం. తెర మీది విమానాన్ని బావ రోజూ ఆఫీసు నుంచి నేను వచ్చాక ఎగరేసేవాడు.

పైన ఉన్నంతసేపూ బాగానే ఉండేది. దింపేటప్పుడు, నేల దగ్గర జెట్ కాస్త జారగానే ఆయన చెయ్యి స్టిక్‌ను ముందుకు తోసేది. ముక్కు నేలలో దిగేది.

“లాగాలి బావా.”

“తెల్వదా నాకు?”

మళ్ళీ పెట్టాను. మళ్ళీ తోశాడు. ఇంకోసారి పెడితే ఇంకోసారి తోశాడు.

“ఎడమ చెయ్యి ఇంటలేదంటే అర్థమున్నది,” అన్నాడు తన కుడి చేతిని చూస్తూ. “దీనికేమైంది? ఇది మంచిగనే ఉన్నది గదా.”

“అది మీ ఇంటి తిక్క,” అంది అక్క వంటింట్లోంచి. “మీ నాయన చెయ్యి గూడ గంతే. ఎవరి మాట ఇన్నదని?”

బావ నవ్వాడు. దవాఖాన నుంచి వచ్చాక నవ్వడం అదే మొదలు. కానీ మర్నాడూ తోశాడు, ఆ మర్నాడూ తోశాడు. వారం తిరిగేసరికి కంప్యూటర్ ముందుకు రావడం మానేశాడు. “చందానగరాయనకు ఫోన్ చెయ్యి. ఆదివారం వచ్చి తీస్కపొమ్మను,” అన్నాడు. నేను సరేనన్నాను. ఫోన్ చేయలేదు. అడిగితే ఫోన్ కలవట్లేదని చెబుదామనుకున్నాను. ఆయన అడగలేదు.

ఆ రోజుల్లో ఆఫీసులో ఒక విదేశీ గిడ్డంగుల కంపెనీ కోసం చేసిన ప్రోగ్రామ్ మీద గొడవ నడుస్తోంది. పాత తెరలో ‘సరే’ ఎడమవైపు, ‘రద్దు’ కుడివైపు ఉండేవి. కొత్తదాంట్లో తారుమారయ్యాయి. అక్కడి గుమస్తాలు ఎంత చెప్పినా అలవాటుగా ఎడమవైపే నొక్కి సరుకు ఆర్డర్లన్నీ రద్దు చేస్తున్నారు. నేను దాన్ని వాడేవాళ్ళ పొరపాటని రాసి మూసేశాను. మా మేనేజరు దాన్ని తిప్పి పంపుతూ ఒక్క వాక్యం రాశాడు: గుమస్తాల వేళ్ళు మార్చలేం, బొత్తాలు మార్చండి. నా పక్క సీట్లవాళ్ళు రాష్ట్రం వస్తుందా రాదా అని వాదించుకుంటున్నారు. ఒకడు నా అభిప్రాయం అడిగాడు. ఏం చెప్పానో గుర్తులేదు. నేను బావ కుడి చెయ్యి గురించి ఆలోచిస్తున్నాను.

ఆ చేతికి ఎన్నో ఏళ్ళుగా ముందుకు తోయడం అంటే మోటారు పెంచడం. జెట్ జారుతోందంటే మోటారు పెంచాలి, అప్పుడు నిలబడుతుంది. చెయ్యి చేస్తున్నది పాత లెక్కలో సరైన పనే. మారింది స్టిక్ అర్థం.

“ముందుకు తోస్తే పైకి పొయ్యేటట్టు పెడితే?” అని అడిగాను ఇంటికి రాగానే, బూట్లు విప్పకుండానే.

“ఉల్టా?”

“ఉల్టా. తోస్తే ముక్కు పైకి, దాంతోపాటు జర మోటారు గూడ పెరుగుతది. లాగితే కిందికి.”

“ప్రపంచంల ఎవడు గట్ల ఎగరెయ్యడు.”

“వేరేటోళ్ళతోని పనేంది? ఎగరేసేది నువ్వు.”

ఆయన మొహం తిప్పుకున్నాడు. “స్కూటర్‌కు పక్కన ఇంకో రెండు చక్రాలు పెట్టిస్తరు సూడు, గట్ల. అందరు సూసి పాపమనాలె. వద్దు.”

రెండు రోజులు దాని ఊసెత్తలేదు. మూడో రోజు నేను జెట్ పొట్ట విప్పి మర కడ్డీ తుడుస్తుంటే వచ్చి పక్కన కుర్చీ లాక్కున్నాడు.

“కిట్‌ల వచ్చిన మోటార్లు ఎందుకు పీకేసినవ్ బావా?” అన్నాను తల ఎత్తకుండా.

“సరిగ లేకుండె. ఒకటి ముందు, ఒకటి ఎనక.”

“కంపెనోడు గట్లనే ఎగరెయ్యమన్నడు గదా.”

“వాడు అంటె?”

నేను కడ్డీ తుడవడం ముగించేసరికి ఆయనే, “పెట్టు. సూద్దాం. ఎవ్వరికి చెప్పకు,” అన్నాడు.

ఒరగడం పాతదే, దాన్ని ముట్టుకోలేదు. స్టిక్ మీద ముక్కు లెక్కను తలకిందులు చేసి, దానికి కొంచెం మోటారు కలిపాను. స్విచ్చుకు మూడు స్థానాలు. పైన పూర్తి వేగం, మధ్యలో మామూలు, కింద దిగేటప్పటి వేగం. రెక్కల కోసం ఇంకో వేలు లేదు కాబట్టి వాటినీ ఆ స్విచ్చుకే కట్టాను. పూర్తి వేగంలో ముడుచుకుంటాయి, మిగతా రెంటిలో చాపుకుంటాయి. నేల తాకాక మోటారు ఆపడానికి పక్కన ఇంకో మీట పెట్టాను. తర్వాత నేను తెర మీద ఎగరేసి చూశాను. విసిరిన వెంటనే నేలకు కొట్టాను. ఎన్నిసార్లు చేసినా అంతే. ఆ రేడియో ఇప్పుడు నాకు పనికిరాదు, చందానగర్ ఆయనకూ పనికిరాదు. గాలిలో బావ తడబడితే అందుకుని కాపాడగలిగేవాళ్ళు లేరు.

బావ కూర్చున్నాడు. ఎక్కించాడు, తిప్పాడు, దింపాడు. నేల దగ్గర జెట్ జారింది, చెయ్యి తోసింది, ముక్కు లేచింది, పొట్ట గడ్డికి తాకింది. ఆయన తెర వైపే చూస్తూ, “బ్యాటరీలు పెట్టు,” అన్నాడు.

బ్యాటరీలు పెట్టడానికి కరెంటు లేదు. బొగ్గు గనుల్లో కార్మికులు సమ్మెలో ఉన్నారు. కోతలు పగలూ రాత్రీ లేకుండా వస్తున్నాయి. చివరికి వాటిని చందానగర్ తీసుకెళ్ళి ఆయన దుకాణంలో ఇన్వర్టర్ మీద ఛార్జ్ చేయించాను. ఎందుకో, జెట్ ఇచ్చేస్తానని బావ అన్న మాటతో సహా చెప్పక తప్పలేదు. రేడియో సంగతి మాత్రం చెప్పలేదు.

“అంటే ఆయన ఒక్కడే ఎగరేస్తే జెట్ నాకు రానట్టేగా?”

“రానట్టే.”

“నా కరెంటుతోనే నాకు రాకుండా చేస్తున్నారన్నమాట. కానివ్వండి. మీ సమ్మె పుణ్యమా అని దుకాణం నడుస్తోంది, అందుకు బదులు ఇది అనుకుంటాను.”

తర్వాతి బంద్ రోజున ముగ్గురం బయల్దేరాం. నేనూ బావా కారులో, చందానగర్ ఆయన స్కూటర్ మీద. మెయిన్ రోడ్డు మీద టైర్లు కాలుతున్నాయని సందుల్లోంచి వెళ్ళాం. మలుపు దగ్గర పోలీసులు ఆపారు. కానిస్టేబుల్ డిక్కీ తెరిపించి చాలాసేపు చూశాడు. వైర్లు, బ్యాటరీలు, కింద చాపిన రెక్కల యుద్ధ విమానం.

“ఏందయ్యా ఇది?”

“బొమ్మ విమానం సార్,” అన్నాను.

“గింత పెద్దగున్నది, బొమ్మనా? ఏడికి? అసెంబ్లీకా?”

“వెంచర్ల ఎగరేస్తం సార్. పర్మిషన్ ఉన్నది, వాచ్‌మన్ ఎరుకే.”

కానిస్టేబుల్ వంగి ముందు సీట్లో ఉన్న బావను చూశాడు. ఒళ్ళో పెట్టుకున్న ఎడమ చేతిని చూశాడు.

“ఎవరు ఎగరేసేది?”

“నేనే,” అన్నాడు బావ. “రెక్కలు గూడ ముడుస్తది. సూస్తవా?”

రేడియో ఆన్ చేసి, ముందు మోటారు మీట ఆపి పెట్టి, స్విచ్చు పైకెత్తాడు. డిక్కీలో రెక్కలు మెల్లగా వెనక్కి జరిగాయి. కానిస్టేబుల్ వెనక ఉన్నవాళ్ళను కూడా పిలిచాడు. ఇంకోసారి ముడిపించుకుని చూసి వదిలేశారు.

వెంచర్లో గాలి తక్కువగా ఉంది. ఎగరేసే ముందు మేం ఒకరు అడిగి ఒకరు బదులు చెప్పే అలవాటుంది. బావ అడుగుతాడు, జెట్ పట్టుకున్నవాడు చూసి చెబుతాడు.

“బోల్ట్‌లు?”

“బిగువు.”

“రెక్కలు?”

“చాపినయి.”

“ఒరుగుడు?” స్టిక్ కుడికి తోశాడు.

“కుడి.”

“ముందుకు తోస్తే?”

“పైకి.”

చందానగర్ ఆయన ఉలిక్కిపడ్డాడు. “అదేంటండీ, తోస్తే పైకేంటి? తలకిందులుగా ఉంది, చూసుకోండి!”

“నాకు గట్లనే గావాలె,” అన్నాడు బావ. తర్వాత నాతో, “ఇసిరినంక నా పక్కకు రాకు. ఆడనే ఉండు.”

విసిరాను. జెట్ కొంచెం కుంగి లేచింది. హద్దురాళ్ళ మీదుగా వెళ్ళి, దూరంగా కడుతూ వదిలేసిన అపార్ట్‌మెంట్ల ముందు తిరిగింది. నేను విసిరిన చోటే నిలబడ్డాను. రెండో చుట్టులో బావ వేలు స్విచ్చును పైకెత్తింది. రెక్కలు వెనక్కి ముడుచుకున్నాయి. ముక్కు వంగబోయి నిలబడింది. జెట్ ఈలలాంటి మోతతో మా మీదుగా పోయింది. చందానగర్ ఆయన ఏదో అన్నాడు, వినబడలేదు. నేను ఇరుసుల గురించి, బోల్టుల గురించి, గేజ్ కొలత గురించి అనుకుంటున్నాను. భయం ఉండాలని తెలుసు. వెతికాను, కనబడలేదు.

స్విచ్చు దిగింది. రెక్కలు చాపుకున్నాయి. దూరం నుంచి ఎదురుగా, ముక్కు మావైపు పెట్టి, దిగడం మొదలుపెట్టింది. గడ్డికి మనిషెత్తున ఒక్కసారిగా జారింది. బావ భుజం ముందుకు కదలడం వెనక నుంచి చూశాను. ముక్కు లేచింది. జెట్ గాలిలో ఆగినట్టయి, పొట్ట మీద కూలబడి, గడ్డిని చీలుస్తూ కొంతదూరం జారి ఆగింది. మోటారు ఆగింది.

చందానగర్ ఆయన ఈలవేశాడు. నేను నడిచివెళ్ళి జెట్ ఎత్తాను. పొట్ట కింద ఫోమ్ చినిగింది, టేపు చాలు. రెక్కలు ఊపి చూశాను, వదులు లేవు. మోటారు వేడిగా ఉంది, మామూలు వేడే. వెనక్కి తిరిగేసరికి వాళ్ళిద్దరూ మాట్లాడుకుంటున్నారు.

“ఒక్క చుట్టు నన్ను తిప్పనివ్వండి సార్.”

“తోస్తె పైకి పోతది. లాగితె కిందికి. తిప్పుతవా?”

ఆయన రేడియో వైపు చూసి, తోసినట్టూ లాగినట్టూ గాలిలో బొటనవేలు ఆడించి చూసుకుని, “వద్దులెండి. మీది మీ దగ్గరే ఉండనివ్వండి,” అన్నాడు.

“రాష్ట్రమొచ్చినంక నేర్పిస్త. వీసా తెచ్చుకో.”

“ఆ వీసా కూడా తోస్తే పైకిపోయేదేనా?”

బావ గట్టిగా నవ్వాడు. నన్ను చూసి, “ఇంకో బ్యాటరీ ఉన్నదా?” అని అడిగాడు.

“ఉన్నది.”

“పెట్టు.”

చిరుగుకు టేపు వేసి, బ్యాటరీ మార్చాను. మళ్ళీ అడిగాడు, మళ్ళీ చెప్పాను, మళ్ళీ విసిరాను. జెట్ లేచాక తల తిప్పకుండానే అన్నాడు.

“బామ్మర్దీ, ఇంక జర దూరం పో. నీ నీడ నా కాళ్ళ మీద పడుతున్నది.”

దూరం వెళ్ళి ఒక హద్దురాయి మీద కూర్చున్నాను. అక్కడి నుంచి ఆయన వీపు, మెడలోని పట్టీ, డబ్బా మీద ఊరికే ఉన్న ఎడమ చెయ్యి కనబడుతున్నాయి. చందానగర్ ఆయన ఎక్కడో గడ్డిలో ఫోన్‌లో ఎవరితోనో మాట్లాడుతున్నాడు. నాకు చేయడానికేమీ లేదు. చేతుల మీద గ్రీజు ఉంటే గడ్డికి తుడుచుకున్నాను. జెట్ పైన రెక్కలు ముడుచుకుని తిరుగుతోంది. బ్యాటరీ అయిపోవచ్చి అది గడ్డి మీద దిగేదాకా అలాగే చూస్తూ ఉన్నాను. బావ నన్ను పిలవలేదు.